మోకాలికీ ఓడకీ

మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టకురా అని
మా మేస్త్రీ ఎర్రయ్య ఎన్నిసార్లు తిట్టాడో.
తిట్టడానికి ఇప్పుడాయన లేడు గాని
నేను మోకాలికీ ఓడకీ ముడిపెడుతున్నాను.

డ్రైడాక్‌లో నీళ్లు తోడేశాక
ఓడ పొట్ట కింద ఒకటే ఉక్క.
తుప్పూ నాచూ చచ్చిన పీతలూ కలిసిన వాసన.
అక్కడ ఇరవయ్యారేళ్లు
గొంతుక్కూర్చుని బతికాను.
ప్రొపెల్లర్ షాఫ్టు చుట్టూ అరిగిన రబ్బరు బుష్ పెరికి
కొత్తది దిగ్గొట్టడం నా పని.
ఆ రబ్బరు గ్రీజు అడగదు,
సముద్రమే దానికి నూనె.
నీరు పారినంతసేపూ ఇనుమూ రబ్బరూ ఒరుసుకోవు.
ఆగిందా,
ఓడ మొత్తం పళ్లు కొరుకుతుంది.

నా కుడి మోకాలు పళ్లు కొరికింది
సింధియా బస్టాపులో, సెకండ్ షిఫ్టు దిగి.
ఎండుచేప విరిచినంత చప్పుడు.
మల్కాపురంలో మా వాటాకి మెట్లు పధ్నాలుగని
ఆ రాత్రే తెలిసింది.

గుజ్జు అరిగిపోనాదిలే అన్నారు వీధంతా.
గుజ్జంటే చింతపండుకుండేదే అనుకునేవాణ్ణి.
బెండకాయలు నానేసిన నీళ్లు నలభై రోజులు తాగాను.
నాలిక తప్ప ఏదీ నున్నబడలేదు.

పట్నాయక్ మేడం స్కాను వెలుతురుకి ఎత్తిపట్టింది.
తెల్లటి రోడ్డు మీద రూపాయి బిళ్లంత గుంత.
"మిగతాదంతా బానే ఉంది సన్యాసిరావ్,
కీలు మొత్తం మార్చక్కర్లేదు, గుంత పూడిస్తే చాలు."
అరచేతిలో ఒక బిళ్ల పెట్టింది.
తాటిముంజ ముక్కలా ఉంది.
నొక్కితే లొంగింది, వదిలితే లేచింది.
"మనిషి చేసిందే. సగానికి పైగా నీళ్లు."

నీళ్లా!
నొప్పి మర్చిపోయి కుర్చీ ముందుకి జరిగాను.
"క్లియరెన్స్ ఎంతిస్తారు మేడం?"
ఆవిడ నవ్వలేదు. మందులచీటీ తిరగేసి బొమ్మ గీసింది.
ఎముకలో గుండ్రటి బెజ్జం, దాన్లో బిగుతుగా బిళ్ల.
అంచు ఎత్తయితే ఎదుటి ఎముకని గీకుతుందట,
లోతయితే బరువు మొయ్యదట.
ఈ మాటే నేనెంతమంది కుర్రాళ్లకి చెప్పానో.
"ఎన్నాళ్లుంటాది?"
"తెలీదు. వదులవ్వచ్చు. మళ్లీ తెరవాల్సి రావచ్చు."

ఆ తెలీదన్న మాటకే సంతకం పెట్టాను.
పాతికేళ్ల గ్యారంటీ రాసిచ్చిన సప్లయర్లని చూశాను,
వాళ్ల బుష్‌లు నాలుగో ఏటే
ఈ చేత్తోనే పెరికాను.

నడుం కింద మత్తు.
పచ్చగుడ్డ అవతల డ్రిల్లు మోగి ఆగింది.
తర్వాత సుత్తి. మూడు దెబ్బలు.
చివరిది మెత్తగా, చప్పుడుకి చెవొగ్గి వేసిన దెబ్బ.
"బాగా కూచుంది" అన్నాను ఇవతల్నించి.
మత్తిచ్చే కుర్రాడు ఉలిక్కిపడ్డాడు.

మా కొండమ్మకి ఒకటే అనుమానం.
"రేపు నువ్వు పోతే మున్సిపాలిటీవోళ్లు
నీ మోకాల్ని పొడిచెత్తలో ఎయ్యాలా, తడిచెత్తలోనా?"
తడిచెత్తేనే, లెక్క ప్రకారం.

పధ్నాలుగు మెట్లూ ఎక్కుతున్నాను, కడ్డీ పట్టుకుని.
వానొచ్చే ముందు బిళ్ల తన ఉనికి చెబుతుంది.
గొంతుక్కూర్చోవడం మాత్రం జన్మలో వద్దంది మేడం.
ఓడ కింద నా ఎత్తు మారిపోయింది.
బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చుని
చేత్తో చేసేదాన్ని నోటితో చేస్తున్నాను.

ఇవాళ నూకరత్నం, గాజువాక ఐటీఐ పిల్ల,
షాఫ్టు కింద దూరి గంటన్నరయ్యింది.
పనిమంతురాలు. బుష్ అంచుని వేలితో చదువుతోంది.
మోకాళ్లు మాత్రం
కాంక్రీటు మీద, ఉత్తినే.
పాత రబ్బరు షీటు ముక్క ఒకటి కోసి విసిరాను.
"మోకాళ్ల కింద ఏసుకో."
"షాఫ్టు నున్నగా తిరగాలంటే నా మోకాళ్లకేటి మేస్త్రీ?
దానికీ దీనికీ ఏటి ముడి?"

ముందు ఏసుకోవే.